పది నలభైకి నేను తల ఎత్తలేదు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఈ మాట ముందే రాసి పెడుతున్నాను. లేకపోతే ఇది చదివి మా ఇంటికి విభూతి పొట్లాలు పంపేవాళ్ళు తయారవుతారు. చిన్నప్పుడు కూడా నమ్మలేదు. మా తాతయ్య పోయిన గదిలో, పదో రోజు కాకముందే చాప వేసుకుని పడుకున్నవాణ్ణి. నా ఉద్యోగం కూడా నమ్మకాలతో పనిలేనిదే. షికాగో పక్కన ఒక ల్యాబ్‌లో ముప్ఫై రెండేళ్ళు కాంక్రీటు దిమ్మలను మిషన్‌లో పెట్టి నలిపాను. ఏ దిమ్మ ఎంత బరువు దగ్గర పగిలిందో రాయడమే పని. ఎందుకు పగిలిందని ఎవరైనా అడిగితే కారణం చెప్పాలి. చెప్పలేకపోతే పరీక్ష మళ్ళీ చెయ్యాలి.

ఇప్పుడు నేను చెప్పబోయేది మళ్ళీ చెయ్యడానికి వీల్లేని పరీక్ష.

పదిహేడో ఏట నుంచి డైరీ రాస్తున్నాను. ఏడాదికొకటి చొప్పున నేపర్‌విల్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లో, ఇనుప అలమరలో వరసగా ఉన్నాయి. బయటికి వెళ్ళినప్పుడు జేబులో చిన్న నోట్‌బుక్ ఉంటుంది. ఎడమ పక్క టైము, కుడి పక్క సంగతి. తర్వాత దాన్ని డైరీలోకి ఎత్తి రాస్తాను. ఇది చూసి నాకు జ్ఞాపకశక్తి ఎక్కువని చుట్టాలు అనుకుంటారు. నిజం వేరు. రాసినదాన్ని నేను మరిచిపోతాను. కాగితం మీద ఉంది కదా అన్న ధీమాతో బుర్ర దాన్ని వదిలేస్తుంది. ఈ జరిగినదాంట్లో సగం ఆ అలవాటు వల్లే జరిగింది.

నా భార్య సుభద్రకు డెబ్భై రెండేళ్ళు. నాలుగేళ్ళ కిందట మతిమరుపు జబ్బు మొదలైంది. డాక్టరు ఆ సంగతి ఖాయం చేసి చెప్పిన రోజు, పార్కింగ్ లాట్‌లో కారెక్కుతూ, "ఆ కొండ ఇళ్ళు ఇంకోసారి చూడాలండీ. మర్చిపోకుండా తీసుకెళ్ళండి" అంది.

ఏ కొండ ఇళ్ళని అడిగాను.

"శిరీష చిన్నప్పుడు వెళ్ళాం కదా, కొలరాడోలో."

అంతకుముందు డాక్టరు చెప్పిన మాట గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఇది మాత్రం అడిగింది. ఆ రోజు డైరీలో చెయ్యాల్సిన పనుల కింద రాసుకున్నాను. రాశాను కాబట్టి మరిచిపోయాను.

తర్వాత ఒక్కొక్కటే పోతూ వచ్చాయి. ముందు మనుషుల పేర్లు, తర్వాత వంట, తర్వాత స్నానం. చివరికి మాటలు పోయాయి. ఈ ప్రయాణం నాటికి పదకొండు నెలలుగా ఆవిడ నోట ఒకే ఒక్క మాట మిగిలింది. "అయిందా?" తల దువ్వుతుంటే అయిందా, అన్నం పెడుతుంటే అయిందా, కారు ఎర్రలైటు దగ్గర ఆగితే అయిందా. రోజుకు రెండు వందల సార్లు జవాబు చెప్పాలి. చెప్పకపోతే కంగారు పడి నా చొక్కా చెయ్యి పట్టుకుంటుంది.

చీర తప్ప ఇంకేం తొడిగినా పీకి పారేస్తుంది. అందుకని చీర కట్టడం నేర్చుకున్నాను. మా బీరువా తలుపుకు లోపల పదకొండు మెట్లుగా రాసి అంటించుకున్నాను. ఏడు కుచ్చిళ్ళు, ఎడమ భుజం మీద పైట, ఒక పిన్ను. పదిహేను నిమిషాల పని.

నాకు డెబ్భై ఎనిమిది. అలిసిపోయాను. ఈ మాట రాయడానికి ఇన్నాళ్ళూ సిగ్గుపడ్డాను. జూన్‌లో ఆవిణ్ణి స్నానాల గదిలోంచి లేపబోయి నేనూ జారి పడ్డాను. ఇద్దరం నలభై నిమిషాలు ఆ టైల్స్ మీదే ఉన్నాం. ఆవిడ అయిందా అని అడుగుతూనే ఉంది, నేను ఇంకా లేదు అంటూనే ఉన్నాను.

మా అమ్మాయి శిరీష జెర్సీ సిటీలో ఉంటుంది. ఆ పడటం గురించి తెలిశాక రోజూ ఫోన్ చేసేది. "నాన్నా, ప్లీజ్, బి ప్రాక్టికల్. నువ్వు పడిపోతే నీకు నేను కావాలి, అమ్మకి ఇంకొకళ్ళు కావాలి. నేను ఒక్కదాన్నే ఉన్నాను." పుట్టి పెరిగింది ఇక్కడే కాబట్టి దాని తెలుగులో దాపరికాలు ఉండవు. ఉన్నది ఉన్నట్టు వచ్చేస్తుంది.

మా ఇంటికి పావుగంట దూరంలో ఇలాంటి జబ్బు మనుషుల్ని చూసుకునే చోటు ఒకటుంది. మెమరీ కేర్ అంటారు. పేరు రాయించి ఏడాదైంది. సెప్టెంబర్‌లో ఫోన్ వచ్చింది. గది ఒకటి ఖాళీ అయిందట. సోమవారం మధ్యాహ్నంలోగా అవునో కాదో చెప్పాలి, లేకపోతే తర్వాతి పేరువాళ్ళకు ఇచ్చేస్తారు.

నలభై తొమ్మిదేళ్ళు నాతో ఉన్న మనిషిని, ఎందుకు పంపుతున్నానో చెప్పినా అర్థం కాని స్థితిలో, ఒక గదిలో దింపి రావాలి. అవునంటే అది. కాదంటే మళ్ళీ ఆ టైల్స్. ఆ వారం రోజులూ డైరీలో దీని గురించి ఒక్క వాక్యం కూడా రాయలేకపోయాను. దానికి బదులు పాత పేజీలు తిరగేస్తుంటే, చెయ్యాల్సిన పనుల కింద ఆ కొండ ఇళ్ళు కనిపించాయి. కొట్టెయ్యని పని అదొక్కటే.

సుభద్ర తమ్ముడు మురళి రిటైరైన డాక్టరు, క్యారీ అనే ఊళ్ళో ఉంటాడు. ఫోన్ చేసి చెప్పాను. వెర్రి ఆలోచన అన్నాడు. అంటూనే టికెట్ బుక్ చేసుకుని డెన్వర్‌లో మమ్మల్ని కలిశాడు. గేటు దగ్గర కూర్చుని నోట్‌బుక్‌లో విమానం టైము రాసుకుంటుంటే, వెనకనుంచి వచ్చి చేతులు జోడించి, "నమస్కారమండీ, కలెక్టరు గారూ" అన్నాడు. నేను రాసుకుంటుండగా ఎప్పుడు దొరికినా వాడు అనే మాట అదే. పెళ్ళయిన నాటినుంచి అంటున్నాడు. నేను తల ఎత్తకుండా "ఊఁ" అంటాను. అది మా ఇద్దరికీ పలకరింపు.

బయలుదేరే ముందు పాత డైరీ తీశాను. మెసా వెర్డీ నేషనల్ పార్క్‌కు మేం మొదటిసారి వెళ్ళింది ముప్ఫై తొమ్మిదేళ్ళ కిందట. అప్పుడు నాకు ముప్ఫై తొమ్మిది, శిరీషకు నాలుగు. నేను ఆ పేజీల్లోంచి ఎత్తి రాసుకున్నవి రోడ్ల పేర్లు, మైళ్ళు, టైములు, దిగిన చోట్లు మాత్రమే. ఒక కాగితం అయింది. మిగతా రాత చదవలేదు. చదివే ఓపిక లేదు. డైరీ మళ్ళీ అలమరలోనే పెట్టేశాను. ఈ ఒక్క సంగతి తర్వాత మురళి చాలాసార్లు అడిగాడు. నాకు బాగా గుర్తుంది, చదవలేదు.

శుక్రవారం పొద్దున, పార్క్‌కు దగ్గరి ఊరు కోర్టెజ్‌లో, మోటెల్ గదిలో చీర కడుతుంటే మురళి కాఫీ తెచ్చాడు. గుమ్మంలో నిలబడి కాసేపు చూశాడు.

"బావా, కుచ్చిళ్ళు అటు తిరిగి ఉన్నాయేంటి?"

"ఎటు?"

"మా ఆవిడకి ఇటు ఉంటాయి. నువ్వు ఎదురుగా నిలబడి కడుతున్నావు కదా, అద్దంలో బొమ్మలాగా తిరగబడ్డాయి. ఇన్నాళ్ళూ మా అక్కని ఇలాగే తిప్పుతున్నావా ఊరంతా?"

పదకొండు మెట్లలో అది ఎక్కడా రాసి లేదు. విప్పి మళ్ళీ కట్టే ఓపిక లేక వదిలేశాను.

"అయిందా?" అంది సుభద్ర.

"అయిందక్కా. ఇంజనీరు కట్టిన చీర, ఇంక కూలదు" అన్నాడు మురళి.

పార్క్ లోపలికి వెళ్ళాక కొండ మీద రోడ్డు చాలా దూరం మెలికలు తిరుగుతుంది. మంటలకు కాలిపోయిన చెట్లు మైళ్ళ తరబడి మోళ్ళుగా నిలబడి ఉన్నాయి. మేం మొదటిసారి వచ్చినప్పుడు అవి పచ్చగా ఉండేవి. అక్కడి ఆదివాసులు ఒకప్పుడు కొండ చరియల్లో కట్టుకున్న ఇళ్ళలో నిచ్చెనలు ఎక్కాల్సినవి మావల్ల కాదు. స్టెప్ హౌస్ అనే ఇంటికి నిచ్చెన లేకుండా వంపులు తిరిగిన కాలిబాట ఉంది. నా కాగితంలో కూడా ఆ పేరే ఉంది. అప్పుడు చిన్నపిల్లతో కాబట్టి అది చూశాం, ఇప్పుడు ఇలా కాబట్టి అదే.

గాలి చల్లగా ఉంది. శాలువా కారు వెనక సీటులో మరిచిపోయి వచ్చాను. అలిసిపోయిన మనిషి చేసే పొరపాటు. మురళి తన స్వెట్టర్ విప్పి అక్కకు తొడిగాడు. బూడిదరంగుది, వాడి కొలతది, చేతులు వేళ్ళు దాటి వేలాడాయి. మూడు మడతలు పెట్టాను. కుడి మణికట్టు మీద తెల్ల ప్లాస్టిక్ పట్టీ బయటికి వచ్చింది. తప్పిపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో దాని మీద ఉంటుంది.

సగం దూరంలో బాట మలుపు దగ్గర ఒక బెంచీ ఉంది. మురళికి మోకాలు నొప్పి. అక్కడ కూలబడ్డాడు. "మీరు చూసి రండి. ఎనిమిది వందల ఏళ్ళు ఆగినవాళ్ళు నా కోసం ఇంకో అరగంట ఆగుతారు" అన్నాడు. ఆ మలుపు నుంచి దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ అందరూ కనిపిస్తారు.

కిందికి దిగాక కొండ తనంతట తానే చూరులా ముందుకు వంగి ఉంటుంది. దాని కింద ఇళ్ళు. చిన్న చిన్న రాతి గదులు, నా భుజాల ఎత్తు గుమ్మాలు. పైకప్పు రాయి వాళ్ళ వంట పొగకు ఇంకా నల్లగానే ఉంది. వర్షాలు తప్పి వాళ్ళు వెళ్ళిపోయారని అంటారు. వెళ్ళేటప్పుడు చాలా సామాను ఎక్కడిదక్కడ వదిలేశారట, మళ్ళీ వస్తామన్నట్టుగా. ఒక మూల గుండెలు అదిరేంత నిటారుగా రాతి మెట్లు కనిపిస్తాయి. ఇంటికి ఆ పేరు వాటివల్లే.

నన్ను ఆకట్టుకున్నది గోడ. రాళ్ళ మధ్య పూసిన మట్టిలో, పూసినవాళ్ళ వేలి గుర్తులు ఉన్నాయి. నా ఉద్యోగం అంతా అలాంటి అతుకుల బలం కొలవడమే. సుభద్రను బాట పక్కన బల్లపరుపు రాయి మీద కూర్చోబెట్టి, రెండు బారల దూరంలో నిలబడి నోట్‌బుక్ తీశాను. ఆ పూట అక్కడ ఉన్నది మేమిద్దరం, ఆ చివర గోడ నీడలో పార్క్ కాపలా చూసే రేంజర్ అమ్మాయి ఒకతె, అంతే.

ఇప్పుడు జరిగింది జరిగిన వరసలో రాస్తాను.

ఎడమ పక్క 10.40 అని వేశాను. కుడి పక్క "మట్టి అతుకు మందం ఒక అంగుళం, వేలి గుర్తులు చిన్నవి, ఆడవాళ్ళవో" అని రాస్తున్నాను.

"నమస్కారమండీ" అని మగ గొంతు వినిపించింది. దగ్గరనుంచే.

మురళి దిగి వచ్చాడనుకున్నాను. తల ఎత్తకుండా "ఊఁ" అన్నాను.

నా వాక్యం ఇంకా పూర్తి కాలేదు. అప్పుడు సుభద్ర మాట్లాడింది. అయిందా అని కాదు. పదకొండు నెలల తర్వాత, నెమ్మదిగా, స్పష్టంగా, మా శిరీషకు బడి రోజుల్లో బుద్ధులు చెప్పే గొంతుతో మాట్లాడింది.

"చూడమ్మా. ఆయన బాగా అలిసిపోతారు. పైకి చెప్పరు. అప్పుడు నిన్ను ఎక్కడికి పంపినా గొడవ చెయ్యకు. కోపం పెట్టుకోకు. వెళ్ళిపో. సరేనా?"

ఇక్కడ నేను ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఆ మాటలు వింటూ కూడా నేను వెంటనే తల ఎత్తలేదు. "ఆడవాళ్ళవో" అన్న మాట చివర చుక్క పెట్టాను. అరవై ఏళ్ళ అలవాటు. చుక్క పెట్టాకే చూశాను.

ఎవరూ లేరు. సుభద్ర రాయి మీదే కూర్చుని ఉంది. కుడి చెయ్యి గాలిలో ఉంది, ఎదుటి మనిషి చెంప మీద అరచెయ్యి ఆనించినట్టు. ఆ చెయ్యి మెల్లగా దిగి ఒళ్ళో పడింది. నా వైపు తిరిగి, "అయిందా?" అంది.

పక్కన మోకరిల్లి, ఎవరితో మాట్లాడావు, ఏమన్నావు, ఇంకోసారి చెప్పు అని ఎంతో అడిగాను. అయిందా, అయిందా అంటూ చొక్కా చెయ్యి పట్టుకుంది. ఆ గది సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఆవిడ ముందు మేం ఫోన్‌లో కూడా మాట్లాడలేదు.

రేంజర్ దగ్గరికి వెళ్ళి, ఇప్పుడు ఇక్కడికి ఎవరైనా వచ్చారా అని అడిగాను. ఆ అమ్మాయి లేదంది. మీ ఆవిడ మాట్లాడటం వినిపించింది, మీతోనే అనుకున్నాను అంది.

పైకి ఎక్కడానికి అరగంట పట్టింది. మురళి అదే బెంచీ మీద, బూటు విప్పి మోకాలు ఒత్తుకుంటూ ఉన్నాడు. నేను నోరు తెరిచేలోపు వాడే అడిగాడు.

"ఎవరి పిల్ల బావా అది, అంతలా గుక్కపెట్టింది?"

"ఏ పిల్ల?"

"కింద. మూడు నాలుగేళ్ళ పిల్ల గొంతు. మీరు దిగిన కాసేపటికి. దెబ్బ తగిలిందేమోనని లేవబోయాను కూడా."

నాకు ఏ పిల్ల ఏడుపూ వినపడలేదు. ఆ మలుపు దాటి ఎవరూ దిగలేదనీ, ఎక్కలేదనీ మురళే చెప్పాడు. అప్పుడు కింద జరిగింది చెప్పాను. వాడు బూటు తొడుక్కోవడం ఆపి విన్నాడు.

"ఎవరితో మాట్లాడింది?"

"తెలీదు. రాసుకుంటున్నాను."

"అక్క పదకొండు నెలల తర్వాత నోరు విప్పితే నువ్వు రాసుకుంటున్నావా? నీ పుస్తకం తగలెయ్య."

తర్వాత కారులో డాక్టరు గొంతుతో చెప్పాడు. ఇలాంటి రోగుల్లో అరుదుగా ఒక్క క్షణం తెరుచుకుంటుందట, మళ్ళీ మూసుకుపోతుందట. పిల్ల ఏడుపు అవతలి కొండ నుంచి వచ్చిన ప్రతిధ్వని అయి ఉంటుందన్నాడు. నేనూ అదే అనుకుని నోట్‌బుక్‌లో అలాగే రాసుకున్నాను. అక్కడితో అయిపోతే ఇది రాసేవాణ్ణి కాదు.

శనివారం ఇల్లు చేరాం. ఆదివారం పొద్దున సుభద్ర నిద్రపోతుండగా డైరీ ఎత్తి రాయడానికి బేస్‌మెంట్‌లో కూర్చున్నాను. పాత టైములూ కొత్త టైములూ పక్కపక్కన వేద్దామని ముప్ఫై తొమ్మిదేళ్ళ నాటి డైరీ తీశాను. ఈసారి అంకెలే కాకుండా రాత కూడా చదివాను. అందులో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఇస్తున్నాను.

"10.40. స్టెప్ హౌస్. ఆశ్చర్యం, ఇంత దూరంలో తెలుగువాళ్ళు! రాయి మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. మగవాళ్ళ స్వెట్టర్, బూడిదరంగు, చేతులు మూడు మడతలు. మణికట్టుకు తెల్ల పట్టీ, ఆసుపత్రిలో కట్టేలాంటిది. పక్కన ఒక ముసలాయన చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు. నమస్కారమండీ అన్నాను. తల ఎత్తలేదు. ఊఁ అన్నాడు. ఏం మనిషో. ముసలితనంలో నేనిలా తయారు కాకూడదు. ఆవిడ సుభద్ర చెంప మీద చెయ్యి వేసి ఏదో చెప్పింది. శిరీష ఆవిణ్ణి చూసి ఒకటే ఏడుపు. కారెక్కేదాకా వాళ్ళమ్మ దగ్గరికి కూడా వెళ్ళలేదు, నన్నే కరుచుకుంది."

దాని కింద ఇంకోటి.

"11.30. ఆవిడ ఏం చెప్పిందని సుభద్రను అడిగాను. మీ గురించే అంది. వేళాకోళం. ఆవిడ కుచ్చిళ్ళు తిరగేసి ఉన్నాయట. ఎవరో మగవాళ్ళు ఎదురుగా నిలబడి కట్టి ఉంటారు, ఎంత ఓపికో అంది. తర్వాత చాలా సేపు మాట్లాడలేదు. మైళ్ళు 21."

చదివాక ఎంతసేపు కూర్చున్నానో రాయలేదు. పైనుంచి అయిందా అని వినిపిస్తే లేచాను.

తర్వాత నాకు చేతనైన పరీక్షలన్నీ చేశాను. పేజీ వెలుతురుకు పట్టి చూశాను. అదే పాత నీలం సిరా, వెనక పేజీకి దిగిన మరకతో సహా. ముందు పేజీ, తర్వాత పేజీ కుట్టులోనే ఉన్నాయి. రాత నాదే, అప్పటి నా చేతివ్రాత, ఇప్పటి వణుకు లేదు. సుభద్ర పాత సంగతి గుర్తొచ్చి ఆ మాటలు తిరిగి అందనుకుందాం. అది కుదురుతుంది. ఇలాంటి జబ్బులో పాతవి ఆఖరున పోతాయట. కానీ శాలువా కారులో మరిచిపోయింది నేను. స్వెట్టర్ ఇచ్చింది మురళి. పట్టీ కట్టింది క్లినిక్‌వాళ్ళు. కుచ్చిళ్ళు తిప్పింది నా పదకొండు మెట్ల కాగితం. వీటిలో ఏదీ ఆవిడ చేతిలో లేదు.

మురళికి ఫోన్‌లో చదివి వినిపించాను. "ఆ స్వెట్టర్ నేను పోయిన క్రిస్మస్‌కి కొనుక్కున్నాను బావా" అన్నాడు. కలెక్టరు గారూ అనలేదు.

శిరీషను ఆ రోజు ఏమైనా గుర్తుందా అని అడిగాను. "నాన్నా, ఐ వాజ్ ఫోర్" అంది. అంతే.

ఇంకొకటి నన్ను వదలడం లేదు. ల్యాబ్ నుంచి నేను ఇంటికి వచ్చేసరికి సుభద్ర తలుపు దగ్గరకు వచ్చి, "అలిసిపోయారా?" అని అడిగేది. రిటైరయ్యాక కూడా, గడ్డి కోసి వచ్చినా అడిగేది. కొన్నిసార్లు విసుక్కున్నాను. లేదు అనేవాణ్ణి, ప్రతిసారీ. ఆవిడ అలా అడగడం ఆ మొదటి ప్రయాణం తర్వాతే మొదలుపెట్టిందేమో చూద్దామని డైరీలు తిరగేశాను. దొరకలేదు. రోజూ జరిగేదాన్ని నేను ఎప్పుడూ రాయలేదు.

సోమవారం పొద్దున పదకొండుకు ఆ చోటుకు ఫోన్ చేసి సరే అన్నాను.

గురువారం తీసుకెళ్ళాం. శిరీష జెర్సీ నుంచి వచ్చింది. నేను ఏ గుమ్మం దాటబోయినా చొక్కా చెయ్యి పట్టుకునే మనిషి, ఆ రోజు ఆ గుమ్మం దగ్గర పట్టుకుంది. నర్సు చెయ్యి చాచింది. సుభద్ర నా ముఖం వైపు కాసేపు చూసింది. తర్వాత తనే వదిలేసింది. నర్సుతో లోపలికి నడిచి వెళ్ళిపోయింది. గొడవ చెయ్యలేదు. శిరీష ఏడ్చింది, నేను టైము రాసుకోలేదు.

ఇది ఏమిటో నాకు తెలియదు. దయ్యం అనడానికి ఎవరూ చచ్చిపోలేదు. కల అనడానికి పాత సిరా ఉంది. ఆ పూట తల ఎత్తి ఉంటే ఎవరిని చూసేవాణ్ణో కూడా తెలియదు. ముప్ఫై తొమ్మిదేళ్ళ కుర్రవాడు ఒకడు నాకు నమస్కారం పెట్టాడు. నేను జవాబు చెప్పలేదు. వాడు నన్ను గురించి రాసుకున్నది మాత్రం తప్పు కాదు.

ఇప్పుడు రోజూ పొద్దున ఎనిమిదికి అక్కడికి వెళ్తాను. అక్కడివాళ్ళకు చీర కట్టడం రాదు కాబట్టి నేనే కడతాను. నోట్‌బుక్ కారులో వదిలి వెళ్తాను. వెనక నిలబడి కడితే కుచ్చిళ్ళు సరిగా పడతాయని మురళి భార్య వీడియో కాల్‌లో చూపించింది. తెలిసింది. అయినా ఎదురుగానే నిలబడి కడుతున్నాను. అలా అయితేనే ఆవిడ ముఖం కనిపిస్తుంది.

"అయిందా?" అంటుంది.

"అలిసిపోయాను" అంటాను. ఆవిడ పైట పిన్ను పెట్టేదాకా కదలకుండా నిలబడుతుంది.